నువ్వు తల ఊపిన రోజు

సోఫియా నగరం,
సెప్టెంబరు 14

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం అందింది. యానాకి ఎనిమిదేళ్ళు నిండాయి కాబట్టి శని, ఆదివారాలు హస్కోవో పంపమనీ, టెన్నిస్ రాకెట్ పట్టడం నువ్వే నేర్పుతాననీ రాశావు. దానికేమో అప్పుడే కాళ్ళు నేల మీద నిలవడం లేదు. "అమ్మా, తాతయ్య పొద్దున్నే కోర్టు తడిపి ఉంచుతాడట, వెళ్ళనా?" అని ప్రాణం తీస్తోంది. నేను పంపను. ఎందుకో ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యలోనే మిరపకాయలు కాల్చడం మీదికి మాట మళ్ళిస్తావు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

పదకొండేళ్ళుగా నా కుడి చెయ్యి భుజం పైకి లేవదు. యానాకి జడ వేయాలంటే దాన్ని నేల మీద కూర్చోబెడతాను. ఆరేళ్ళప్పటి నుంచీ నీ ఎర్రమట్టి కోర్టులో పెరిగి, ప్రపంచ ర్యాంకుల్లో డెబ్బై ఎనిమిదిదాకా వచ్చినదాన్ని. ఆట ఎందుకు మానేశావని పత్రికలవాళ్ళు అడిగితే "గాయమైంది" అని ఊరుకున్నాను. ఎవరి వల్ల అయిందో ఎవరికీ చెప్పలేదు.

జర్మనీలో ఆ ఆఖరి మ్యాచ్ గుర్తుందిగా. రెండో సెట్టు, మూడు-మూడు. సర్వ్ చేస్తుంటే భుజంలో ఏదో చిరిగినట్టయింది. నువ్వు మూడో వరసలో కూర్చున్నావు. ఆట మధ్యలో కోచ్ మాట్లాడకూడదని నీకు అప్పటికే ఒక హెచ్చరిక పడింది, ఇంకోసారి నోరు విప్పితే అంపైర్ నా పాయింటు కోసేస్తాడు. నేను భుజం పట్టుకుని, "ఆపేయనా?" అన్నట్టు నీ వైపు చూశాను. నువ్వు తల కిందికీ పైకీ ఊపావు. మన దేశంలో పాలు తాగే పిల్లకైనా తెలుసు దానర్థం. నిలువుగా ఊపితే కాదని, ఆపొద్దని. అదీ మూడుసార్లు ఊపావు. ఆడాను. ఇంకో తొమ్మిది సర్వ్‌లు. ఆ తర్వాత మళ్ళీ కోర్టులోకి దిగలేదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు నాన్నా. కూతురి చెయ్యి కంటే ఒక మ్యాచ్ ఎక్కువైన మనిషి చేతిలో నా బిడ్డను పెట్టలేను. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను, చల్లారలేదు.

నీ కూతురు,
రలిత్సా


హస్కోవో,
సెప్టెంబరు 19

అమ్మడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ఆ ఏడాది మనం నాలుగు నెలలు జర్మనీ, ఆ చుట్టుపక్కల దేశాల్లోనే తిరిగాం. నేను మన పద్ధతిలో అవునని తల అడ్డంగా ఊపితే, హోటలువాళ్ళు వద్దంటున్నాననుకుని కాఫీ వెనక్కి పట్టుకుపోయేవారు. నువ్వు పడీపడీ నవ్వేదానివి. ఆ నవ్వు భరించలేక, అద్దం ముందు నిలబడి అవునంటే వాళ్ళలా నిలువుగా ఊపడం నేర్చుకున్నాను. పరువు తక్కువని నీకు చెప్పలేదు. ఆ రోజు నీ మొహం చూడగానే, కంగారులో నా తల వాళ్ళ లెక్కలోనే ఊగింది. అవును తల్లీ, ఆపెయ్ అన్నాను. మూడుసార్లు అన్నాను.

నువ్వు వెళ్ళి సర్వ్ చేశావు. నా మాట కాదన్నావనుకున్నాను. ఇక్కడ క్లబ్బులో పదకొండేళ్ళుగా అదే కథ చెబుతున్నాను, "ఆపమన్నాను, వినలేదు, అదీ నా కూతురంటే!" అని. "నీ మాట అది ఎప్పుడు విందిలేవోయ్!" అని నా స్నేహితుడు స్టామెన్ వెక్కిరిస్తే ఇంకా పొంగిపోయేవాణ్ణి. నీకు తప్ప అందరికీ చెప్పాను.

అయినా నీ కోపం వట్టిది కాదు. రెండో సర్వ్‌కే నువ్వు నొప్పితో వంగిపోయావు. చూశాను. మూడు వరసలు దిగి వచ్చి, పాయింటు పోతే పోయిందని "చాలు, ఆపు!" అని అరవొచ్చు. అరవలేదు. గెలుస్తావేమోనని ఆశగా చూస్తూ కూర్చున్నాను. అందుకు సిగ్గుపడుతున్నాను, క్షమించమని అడుగుతున్నాను.

యానాని పంపొద్దు. నేనే వస్తున్నాను, శనివారం పొద్దుటి బస్సుకి. రాకెట్లేమీ తేను. తలుపు తీసినప్పుడు లోపలికి రమ్మనో, తిరిగి వెళ్ళిపొమ్మనో నోరు తెరిచి చెప్పు తల్లీ. నీ తల వైపు చూసి అర్థం చేసుకునే ధైర్యం నాకిక లేదు.

మీ నాన్న,
అసెన్