మిక్స్ గుడ్డ కుట్టబడదు

సెప్టెంబరు 3, సోమవారం
ఉదయం 6.10
నేటి నుంచి నలభై రోజులు మోషే ధర్మశాస్త్రం అక్షరాలా పాటిస్తాను! పాతికేళ్లుగా టైలర్ని, అంతకు ముందు నుంచే క్రైస్తవుణ్ణి. అందులో రొయ్యలు తినొద్దన్నది దాటేస్తాం, దొంగతనం వద్దన్న దగ్గర ఆగుతాం. ఈ కత్తిరింపు ఎవరు చేశారు? అదీ నా సందేహం.
ప్రస్తుతానికి:
1. కొలతలో అబద్ధం వద్దు.
2. తల నెరిసినవాళ్లు వస్తే లేచి నిలబడాలి.
3. రెండు రకాల దారం కలిసిన బట్ట వద్దు.
4. విశ్రాంతి దినాన (మాకు ఆదివారం) పని వద్దు.
నాలుగే! నల్లేరు మీద బండి నడక.
మధ్యాహ్నం 12.00
కొట్టు ముందు అట్ట కట్టాను: "మిక్స్ గుడ్డ కుట్టబడదు."

4, మంగళవారం
11.00
టీచరమ్మ కోటు కొలతలకు వచ్చారు. ఏటా నడుము కొలత పైకి ముప్పై నాలుగని చెప్పి, పుస్తకంలో నలభై అని రాసుకోవడం మా వృత్తి మర్యాద. ఈసారి పైకే నలభై అన్నాను. "మీ టేపు పాడైనట్టుంది" అని గుడ్డ తీసుకుని ఎదురు కొట్టుకు వెళ్లిపోయారు. అక్కడి టైలరు "ముప్పై నాలుగేనండీ!" అనడం ఇక్కడికి వినిపించింది.
సాయంత్రం 7.00
అత్తగారు గదిలోకి వచ్చారు. లేచాను. వెళ్లారు, కూర్చున్నాను. కళ్లజోడు మరిచిపోయానంటూ మళ్లీ వచ్చారు. మొత్తం పదకొండు సార్లు! ఎనిమిదోసారి కళ్లజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

5, బుధవారం
పాస్టరమ్మ పిల్లల పాటల బృందానికి తొమ్మిది తెల్ల అంగీలు కుట్టమని టెరీకాట్ తెచ్చారు, కాటన్‌లో పాలియెస్టర్ కలిసిన గుడ్డ. ఆదివారం మా అమ్మాయి మొదటిసారి ఒక్కతే పాడబోతోంది. అట్ట చూపించాను.
"అదేంటి బ్రదర్, మీ అమ్మాయికి కూడానా?"
"ఆజ్ఞ ఆజ్ఞేనండీ."
గుడ్డ ఎదురు కొట్టుకు వెళ్లింది. రాత్రి అమ్మాయి కంచం తీసుకుని వాళ్ల అమ్మమ్మ గదిలోకి వెళ్లి తింది.

6, గురువారం
అత్తగారికి సగం లేస్తున్నాను. సగం లేచినా లేచినట్టే. కొలతలు గొణుగుతున్నాను. గొణగడం అబద్ధం కాదు కదా!

8, శనివారం
సాయంత్రం 5.00
అంగీ వచ్చింది. అమ్మాయికి ఎడమవైపు జారిపోతోంది. దాని ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి దాని గౌన్లు కుట్టిన నాకే ఆ సంగతి తెలుసు.
"నేను రేపు పాడను నాన్నా."
ప్రాణం ఉసూరుమంది. అచ్చమైన కాటన్‌తో ఇప్పుడే ఇంకొకటి కుట్టి ఇస్తానన్నాను. అది నా పెట్టెలోంచి దారం రీలు తీసి, చీటీ చదివింది.
"నూరు శాతం పాలియెస్టర్. కాటన్‌కి కూడా నువ్వు వేసేది ఇదే కదా నాన్నా?"
వారమంతా పవిత్రంగా కుట్టినవన్నీ...! అత్తగారు నవ్వు ఆపుకోలేక మంచం పట్టుకున్నారు. నేను లేవలేదు. "రేపు చూద్దాం" అన్నాను. కిందపడ్డా పైచేయి నాదే.

9, ఆదివారం
ఉదయం 5.40
నిద్ర పట్టలేదు. బైబిలు తెరిచాను. మిక్స్ బట్ట వద్దన్న వాక్యానికి సరిగ్గా పైన, నిన్ను ప్రేమించుకున్నట్టే నీ పొరుగువాణ్ణీ ప్రేమించమని ఉంది. సరిగ్గా పైనే! దాన్ని దాటేసి కింది దాన్ని పట్టుకున్నాను. కత్తిరింపు నాదే.
5.50
అమ్మాయి అంగీ తీసుకుని మిషను ముందు కూర్చున్నాను. విశ్రాంతి దినం. టెరీకాట్. పాలియెస్టర్ దారం. ఎడమ భుజం అరంగుళం.
10.15
పాడింది. భుజం జారలేదు. అత్తగారు పక్కనే నిలబడి ఉన్నారు, నేను కూర్చునే ఏడ్చాను.

10, సోమవారం
ఉదయం 9.00
అట్ట పీకేశాను. మళ్లీ మొదటి రోజు! నలభై రోజులు, ఒకే ఒక్క ఆజ్ఞ: పొరుగువాణ్ణి ప్రేమించాలి. నల్లేరు మీద బండి!
9.05
ఎదురు కొట్టు టైలరు వచ్చాడు. కత్తెర అడిగాడు.
9.06
ఇచ్చాను. మొద్దుబారినది.
9.10
మొదటి రోజు రేపటికి మార్చాను.