దండం పెట్టకుండా వచ్చేసినందుకు

అకితా, జపాన్
ఫిబ్రవరి 9

నానమ్మా, నేను బాగున్నాను, మోకాలి నొప్పి తగ్గింది.

మొన్న బాస్కెట్‌బాల్ ఆటలో చివరి బంతి నేను బుట్టలో వేయలేక ఓడిపోయాం. ఇక్కడ గెలిచినా ఓడినా జట్టంతా వరసగా నిలబడి, చూడవచ్చినవాళ్లకు వంగి దండం పెట్టాలి. నేను మొహం చెల్లక వెనక తలుపులోంచి జారుకున్నాను. మర్నాడు పొద్దున్నే, మా ఆటలన్నీ చూసే ఇసోబె మామ్మ తన టోఫు (సోయా జున్ను) కొట్టు గుమ్మంలో నన్ను పట్టుకుంది.

"ఓడితే ఓడావు, దండమన్నా పెట్టకుండా ఎటు పోయావురా పొడుగోడా?"

అక్కడే నడుం వంచాను. లేచేసరికి తల గుమ్మానికి కొట్టుకుంది.

"చాల్లే, నా కొట్టు కూలుస్తావు!" అని నవ్వి టోఫు పొట్లం చేతిలో పెట్టింది.

వంటింటి కప్పు కారడం ఆగిందా? నీ మొక్కజొన్న రొట్టె ఎలా చేయాలో రాయి, ఇసోబె మామ్మకు చేసి పెట్టాలి.

ఆ రోజు డెట్రాయిట్ విమానాశ్రయంలో నా ఏడుపు నీ కంట పడకూడదని వెనక్కి తిరగకుండా వచ్చేశాను. ఇవాళ ఈ కార్డు ముందు పెట్టుకుని, నీకూ వంగి దండం పెట్టాను.

నీ లమాంట్