ఫ్లెక్సీలో నా ఫోటో

సార్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆదివారాలు మీరు మాకు పాఠాలు చెప్పిన గ్రంథాలయాన్ని కూల్చి దుకాణాలు కడతారని తెలిసి, కోపంతో కరపత్రం రాసి అచ్చు వేయించాను. పంచే ముందురోజు కౌన్సిలరు ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“తమ్మీ, మెదక్ల నీ లెక్క రాసెటోడు ఇంకొకడు లేడు. గింత తెలివి పెట్టుకొని గల్లీలల్ల కాగితాలు పంచుడేంది? జర రెండు దినాలు ఆగు, నేను మాట్లాడత” అన్నాడు.

రెక్కలు బాగున్నాయని పొగిడి ఈగను ఇంట్లోకి పిలిచి తినేసిన సాలెపురుగు గురించి ఇంగ్లీషు పద్యం చెప్పారు గుర్తుందా? “ఈగకు గంత బుద్ధి లేదా సార్?” అని అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

అయినా ఆగాను.

ఇవాళ పొద్దున వెళ్తే గ్రంథాలయం లేదు. మట్టిదిబ్బ ముందు కౌన్సిలరు పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. అందులో కింది వరసలో నా ఫోటో, దాని కింద ‘యువ మేధావి’ అని.

మీ ఫోటోకు దండ కొనడానికి వచ్చిన మీ ఇంటి అమ్మగారు ఆ ఫ్లెక్సీ ముందు ఆగారు.

“మంచిగొచ్చింది బిడ్డా. మీ సారు సూస్తే మస్తు సంబురపడుతుండె.”

అవునని తల ఊపాను, సార్.