మూడో మడుగు

అక్కా,

ఇంకా నిన్ను అలా పిలవాలనే ఉంది కాబట్టి పిలుస్తున్నాను.

నా డెయిరీ మూయించమని మీ వీధివాళ్లు పెట్టిన అర్జీలో మొదటి సంతకం నీదట. పాల వ్యాను డ్రైవరు చెబితే నవ్వేశాను. "నిజమేనమ్మా, నా కళ్లతో చూశాను," అన్నాకే నమ్మాను. మీ ఇల్లు నా కొట్టాలకు దిగువన, కేకేస్తే వినపడే దూరం. వచ్చి నాలుగు తిట్టి ఉంటే పడేదాన్ని. పరాయిదానిలా అర్జీ పెట్టావు చూడు, అదే గుచ్చుకుంది.

వాగు కంపు కొడుతున్న మాట నిజమే. కొట్టాలు కడిగిన నీళ్లు పేడతో సహా అందులోకే పోతున్నాయి. అయినా మూయను. నీ మరిది "ఆవుల్ని అమ్మేసి హాయిగా ఉందామే" అంటే, "ముందు నన్నమ్ము" అన్నాను. నిన్ననే వాగులోకి పోయే మురుగు కాలువకు అడ్డుకట్ట వేశాను. పచ్చిమేత పండే పల్లంలో రెండు మడుగులు తవ్వించి, కంకర పోసి, జమ్ము గడ్డి నాటిస్తున్నాను. మురుగు ఆ వేళ్ల మధ్య నుంచి మెల్లగా పారితే శుభ్రపడుతుందని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఊరంతా నవ్వుతోంది. నవ్వనీ.

నువ్వు ఔనన్నా కాదన్నా,
నీ చెల్లి

అక్కా,

జవాబు రాయలేదు నువ్వు. అయినా రాస్తున్నాను. అమ్మ మొండితనం ఇద్దరికీ సమానంగానే పంచింది.

జమ్మంతా మాడిపోయింది. మూత్రం ఘాటుకు లేత మొక్కలు తట్టుకోలేదు. కంకర సందులు పేడతో పూడుకుపోయాయి. గట్టు మీద కూలబడి ఏడుస్తుంటే బావ అటుగా పోతూ, "ఏం మరదలా, చేపలు పడ్డాయా?" అన్నాడు. "పడతాయి బావా, గాలం తెచ్చుకో," అన్నాను. అంతే, ఏడుపు ఆగిపోయింది.

కంకరంతా తీయించి కడిగించాను. ముందుగా ఒక తొట్టి కట్టించి, పేడ అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లకు బావినీళ్లు కలిపి, కొంచెం కొంచెంగా వదిలాను. ఈసారి జమ్ము నా నడుము దాటింది. మీ అర్జీ మీద వచ్చిన తనిఖీ ఆఫీసరు చివరి మడుగు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించి, "పర్వాలేదు, నడుపుకోండి," అన్నాడు. ఇప్పుడైనా అర్జీ వెనక్కి తీసుకో. తీసుకోకపోయినా నా ఆవులు ఎక్కడికీ పోవు.

నీ చెల్లి

మొండిఘటమా,

అర్జీ వెనక్కి తీసుకోను.

వాగు కంపు సంగతి ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాంలే అక్కా" అనేదానివి. బతిమాలితే నువ్వు వినవు, ఎదిరిస్తేనే కదులుతావు. చంకనేసుకుని పెంచినదాన్ని, నాకు తెలీదా? నా మొహం చూసి వీధిలో ఎవరూ ముందుగా సంతకం పెట్టలేకపోయారు. అందుకే నేను పెట్టాను. ఆ పూట ముద్ద దిగలేదు. ఈ సంగతి మీ బావకు కూడా తెలియదు.

నీళ్లు బాగుపడ్డాయి, కాదనను. కానీ నువ్వు ఆఫీసరుకి చూపించింది ఎండాకాలం నీళ్లు. మొన్నటి జడివానకు మడుగులు పొర్లి, కంపు మా గుమ్మం దాకా వచ్చింది. కిటికీలన్నీ మూసి చంటి మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండు మడుగులు చాలవే. నీ దగ్గర ఇంక చోటు లేదని నాకూ తెలుసు.

నీ పల్లాన్ని ఆనుకుని ఉన్న నా కూరగాయల మడిలో బెండ మొక్కలన్నీ పీకేశాను. మూడో మడుగు అక్కడ తవ్వు. "మతిపోయిందా నీకు?" అని మీ బావ ఒకటే గోల. ఆయనకూ ఒక గంప ఇస్తాను, మట్టి మోస్తాడు.

పొద్దున్నే రా. జమ్ము పిలకలు నువ్వు తీసుకురా, పార నా దగ్గరుంది. ముందు తవ్వుదాం. పోట్లాట తర్వాత.

నీ అక్క