వంటింట్లో మాస్క్విచ్ రేడియేటర్

రూసె,
ఆగస్టు 21, 2003.

చిరంజీవి తిహోమిర్‌కు, మా తిషోకు, అమ్మ దీవెనలు, ముద్దులు.

ఇక్కడ నేనూ నాన్నా కులాసాగానే ఉన్నాం. ఈ ఏటి ఎండలకు బాల్కనీలో మిరప మొక్కలు మాడిపోయాయి గానీ మనుషులం ఎలాగో నిలబడ్డాం. సైన్యం వాళ్లిచ్చిన బూట్లు కరుస్తున్నాయని రాశావు. మందపాటి మేజోళ్లు పార్సెల్ చేస్తున్నాను. వాటి మధ్య ఒక సీసా ల్యుతెనిత్సా పచ్చడి పెట్టాను. ఈసారి మిరపకాయలు నాన్నే కాల్చాడు, కాస్త మాడు వాసన వస్తే నన్ను తిట్టుకోకు.

ఫోన్‌లో చెప్పకుండా ఇంత ఉత్తరం ఎందుకంటావేమో. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నీ వెనక వరసలో నిలబడ్డ కుర్రాళ్లు త్వరగా కానివ్వమని అరుస్తుంటారు. ఇది అలా చెప్పే సంగతి కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబు. "నా కంప్యూటర్ మూత ఎవరు తీశారు? వంటింట్లో కారు రేడియేటర్ ఉందని స్విలెన్ రాశాడు, వాడికి మతి పోయిందా?" అని అడిగావు. నీ స్నేహితుడి మతి బాగానే ఉంది. మూత తీసింది నీ స్నెజీనా. సైన్యానికి వెళ్తూ మన ఇంటి తాళంచెవి ఆ పిల్ల చేతిలో పెట్టి, చదువు పనికి నా కంప్యూటర్ వాడుకో అని చెప్పింది నువ్వేనాయె.

ఆమె ఏం చేస్తోందో నీకు తెలుసు. దునావ్ నది ఒడ్డున పాడుబడ్డ ధాన్యపు గోదాముని గ్రంథాలయంగా మారిస్తే ఎలా ఉంటుందో చూపించే చిన్న సినిమా. ఒక్కో బొమ్మనూ కంప్యూటర్ లెక్కలు కట్టి తయారు చేయాలట, అలాంటివి వేలు. వాటితోనే వియన్నా చదువుకు దరఖాస్తు పెట్టుకోవాలి. జూలై నెలాఖరు గడువు. నువ్వు ఆ యంత్రాన్ని కంపెనీ పెట్టిన హద్దు దాటించి పరుగెత్తిస్తావు కదా, చలికాలంలో అది బాగానే నడిచింది. జూలై ఎండ మొదలయ్యేసరికి రోజుకోసారి బిగుసుకుపోవడం, చేసిన పని పోవడం. ఫ్యాన్ల రొదకి పక్కింటి వాళ్లు గోడ మీద కొట్టేవారు. పోనీ వేగం తగ్గిస్తే బిగుసుకోదు, కానీ బొమ్మలు గడువుకి పూర్తి కావు.

"నీళ్లతో చల్లబరచాలి పిన్నీ, వేరే దారి లేదు" అంది ఒక ఉదయం.

నాన్న అప్పుడే ట్రాలీబస్సు డ్యూటీ దిగి వచ్చాడు. చొక్కా విప్పుతూ ఆగిపోయి, "నీళ్లూ కరెంటూ ఒకే డబ్బాలోనా? మా వాడొచ్చి నా పీక పిసుకుతాడు" అన్నాడు.

"తిషోకి నేను చెప్పుకుంటాలే బాబాయ్. మీరు పీకకి మఫ్లరు చుట్టుకోండి."

నిజం చెప్తున్నాను, అంతవరకు ఆ పిల్లంటే నాకు పెద్దగా ఇష్టం లేదు. ఏం వండి పెట్టినా బాగుందనదు, బాగాలేదనదు. ప్లేటు ఖాళీ చేసి, కడిగి బోర్లించి పోతుంది. ఆ రోజు మాత్రం నాన్న నోరు మూయించింది చూశాక, ఫరవాలేదు అనిపించింది.

ఇక ఏ సరంజామా కొనాలన్నది రెండు రోజుల చర్చ. స్విలెన్ సోఫియా నగరంలోని ఒక దుకాణం కాగితం పట్టుకొచ్చాడు. అన్నీ బిగించి ఉన్న రెడీమేడ్ సెట్టు, నీలి దీపాలు కూడా ఉన్నాయి.

"పెట్టె విప్పడం, తగిలించడం. అరగంట పని" అన్నాడు.

"దీని రేడియేటర్ నా అరచేయంత ఉంది చూడు. మామూలు వేగంతో నడిచేవాటికి సరిపోతుంది. మనది పొయ్యి మీద పాలలా పొంగుతోంది" అంది స్నెజీనా.

"నీలి దీపాలో?"

"అవి నీ సైకిలుకి పెట్టుకో."

నాన్న కూడా ఒక సలహా ఇచ్చాడు: కుళాయికి ట్యూబు తగిలించి, నీళ్లు అటు నుంచి అటే కాలువలోకి వదిలేయమని. నేను నవ్వాను. స్నెజీనా నవ్వలేదు. కూర్చుని ఆలోచించి, "చల్లగా ఉంటుంది, నిజమే బాబాయ్. కానీ మన వీధిలో కుళాయి చెప్పకుండా ఆగిపోతుంది కదా. అది ఆగిన నిమిషానికి ఇదీ పోతుంది" అంది. మీ నాన్న మాటకి ఈ ఇంట్లో అంత గౌరవంగా జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు నుంచి ఆయన ఆమె పార్టీ.

ఆదివారం నేనూ నాన్నా స్నెజీనా పాత కారు సామాన్ల సంతకి వెళ్లాం. కారులో మనకి వెచ్చదనం ఇచ్చే చిన్న రేడియేటర్ ఉంటుందే, అది ఆమెకి కావాలి. ఒకాయన దగ్గర రెండున్నాయి. ఒకటి తళతళలాడే అల్యూమినియంది, రెండోది పాత రష్యా కారు మాస్క్విచ్‌ది, నల్లగా, బరువుగా.

"కొత్తది పట్టుకెళ్లమ్మాయ్. ఆ ముసలిదాన్ని ఎవరు చూస్తారు?" అన్నాడు.

"అమ్మేది మీరేగా, మీరే చూడట్లేదన్నమాట" అని, నా దగ్గర గోళ్లు రుద్దుకునే ఆకురాయి అడిగి తీసుకుంది. మూల మీద గీకితే ఎర్రగా మెరిసింది, రాగి. కంప్యూటర్ గుండె మీద కూర్చోబెట్టే బిళ్లని ఆమె రాగితోనే చేసుకుంది, కాలేజీ వర్క్‌షాపులో తనే తొలిచి. ఒకే నీళ్లలో రాగీ అల్యూమినియమూ ఉంటే రాగి అల్యూమినియాన్ని తినేస్తుందట. అందుకని ముసలిదే మన ఇంటికొచ్చింది.

దాన్ని మన స్నానాల తొట్టిలో వెనిగరుతో కడిగింది. లోపలి నుంచి కాఫీలాంటి నీళ్లు వచ్చాయి. తేటగా వచ్చేదాకా కడిగి, ఆ తర్వాత తొట్టిని కూడా తోమింది. నీళ్లు తిప్పడానికి చేపల తొట్టి పంపు కొంది. నీ గదిలోకి సాయంత్రమంతా ఎండ కొడుతుంది, రేడియేటర్ నీడన ఉండాలి, పోనీ ట్యూబులు పొడుగ్గా లాగుదామంటే ఆ చిన్న పంపుకి శక్తి చాలదు. చివరికి యంత్రాన్నే ఉత్తరపు కిటికీ ఉన్న వంటింట్లోకి తెచ్చింది. నా పిండి డబ్బాలు అలమర మీదికెక్కాయి.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. అన్నీ బిగించాక కంప్యూటర్ ఆపి ఉంచి, పంపు మాత్రం వేసింది. ప్రతి అతుకు కిందా కాగితం రుమాలు పరిచింది. "రేపు ఈ వేళదాకా ఇలాగే ఉంటుంది. ఒక్క రుమాలు తడిసినా మళ్లీ మొదటికే" అంది.

స్విలెన్ జుట్టు పీక్కున్నాడు. "గడువు నెత్తి మీదుంటే రోజంతా నీళ్లు తిప్పుతూ కూర్చుంటావా? స్విచ్చి వెయ్యి తల్లీ!"

"నాది కాదు ఇది. తిషోది."

మర్నాడు మధ్యాహ్నం నేను సెలూన్ మూసి వచ్చి చూస్తే ఒక రుమాలు మూల తడిసి నల్లబడి ఉంది. చెప్పనా మానా అనుకుంటుండగానే తనే చూసింది. నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి నీళ్లు వంచేసి, అన్నీ ఊడదీసి, తుడిచి ఆరబెట్టింది. చెంపల మీద కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఏడుస్తూనే కొత్త ట్యూబు కోసింది, కోత మాత్రం వంకర పోలేదు. వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డ ట్యూబుని నేను పట్టుకున్నాను, తను ఎక్కించి బిగించింది. మళ్లీ రుమాళ్లు పరిచి, మళ్లీ మొదటి నుంచి రోజంతా పంపు తిప్పింది. ఈసారి అన్నీ పొడిగా ఉన్నాయి.

స్విచ్చి వేశాక ఇంట్లో ఎంత నిశ్శబ్దమో నీకు చెప్పలేను. తరాతోర్ పెరుగు చారు గిన్నెలో గరిటె కదిలితే వినిపించింది. నాన్న రేడియేటర్ దగ్గర చెయ్యి పెట్టి, "ఇంత వేడి ఆ చిన్న బిళ్లలోంచేనా?" అని పదిసార్లు అడిగాడు. బయట రోడ్డు మీద తారు కరిగింది, లోపల నీ కంప్యూటర్ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. గడువుకి ముందురోజు ఆమె సినిమా సోఫియాలో దరఖాస్తులు తీసుకునే ఆఫీసుకి వెళ్లింది. అందులో చివర ఒక ముసలామె కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటూ ఉంటుంది. నది వెలుతురు ఆమె పుస్తకం మీద కదులుతుంది. నాన్న కళ్లు తుడుచుకుని, పొగ అన్నాడు. పొయ్యి వెలిగించనే లేదు.

పోయిన సోమవారం జవాబు వచ్చింది. వియన్నాలో రెండేళ్ల చదువు, ఖర్చంతా వాళ్లదే. సెప్టెంబరులో చేరాలి.

తిషో, ఇంతసేపూ దాటేసింది ఇప్పుడు చెప్తున్నాను. నీ పోయిన ఉత్తరంలో రాశావు: "ఒకవేళ సీటు వస్తే, నేను డిసెంబరులో వచ్చేదాకా ఆగమని స్నెజీనాకి చెప్పు, నువ్వు చెప్తే వింటుంది" అని. ఆ ఉత్తరం వచ్చిన సాయంత్రమే ఆమె సెలూన్‌కి వచ్చి, జుట్టు ఆరబెట్టే కుర్చీలో కూర్చుంది.

"పిన్నీ, తిషో ఆగమంటే ఆగుతాను. నేనడిగితే పెద్దమనిషిలా వెళ్లమంటాడు, మనసులో మాట చెప్పడు. మీరే రాసి అడగండి."

నీ మనసులో మాట నా ఏప్రన్ జేబులోనే ఉంది. తీసి చూపిస్తే చాలు, ఆగిపోయేది.

"నేను అడగను" అన్నాను. "నువ్వు వెళ్లు."

"వాడికి కోపమొస్తే?"

"వస్తే నా మీద రానీ. నేను కన్నాను, భరిస్తాను."

నీ మాట ఆమెకి చేరవేయలేదు. ఎందుకో ఎంత ఆలోచించినా ఒక్కటే తోస్తుంది. తడిసిన రుమాలు చూసి, ఎవరూ బలవంతం చేయకపోయినా, నీ వస్తువు పాడవకూడదని అంతా ఊడదీసిన పిల్ల. అలాంటి దాన్ని నీ కోసం, నా కోసం ఈ ఊళ్లో ఆపి ఉంచే హక్కు నాకు లేదనిపించింది. నీకు ఉందేమో నాకు తెలియదు. ఆమె నీదే అవుతుందని మాటివ్వలేను, కాదనీ అనలేను. అది మీరిద్దరూ తేల్చుకోవలసింది.

నన్ను తిట్టాలనుకుంటే ఉత్తరం నిండా తిట్టు, చదువుకుంటాను. కానీ ఆమె రైలు ఈ నెల 31, ఆదివారం ఉదయం. ఆమె తల్లికి నడుం నొప్పి, నాన్నకి ఆ పూట డ్యూటీ. రెండు పెద్ద పెట్టెలున్నాయి, స్టేషన్ మెట్లు నీకు తెలుసు. మీ అధికారిని సెలవు అడుగు. ఆగమని చెప్పడానికైతే రావద్దు. పెట్టెలు మోయడానికైతే శనివారం రాత్రికల్లా ఇంట్లో ఉండు.

ఇట్లు,
నీ తిట్లకి సిద్ధంగా ఉన్న
అమ్మ