లైన్ 31 మీద తోట

17 జనవరి 1974

గన్నవరంలో మంచు. తొమ్మిదిన్నర దాకా విమానం లేవలేదు. లేచాక పదకొండు లైన్లు. విమానం వెనక తీగ చివర వేలాడే కొలత పెట్టె, మా పిట్ట, ఇవాళ ఊగలేదు. చార్టు మీద ఆరు పెన్నులూ బాగానే రాశాయి.

వంటింటి అలమరలో సుగుణ పరిచిన పాత చార్టు కాగితం ఇంకా అలాగే ఉంది. ఆవకాయ జాడీ పెట్టిన చోట నూనె మరక. మరక పక్కన ఆమె చేతిరాత — "ఇక్కడ మీ విమానం తుమ్మింది." ఎక్కడో దూరంగా మెరుపు మెరిస్తే చార్టు మీద ఒక ముల్లు లేస్తుంది. ఆఫీసులో ఇప్పుడు అందరూ దాన్ని తుమ్ము అనే అంటారు. ఎవరి మాటో కొత్తవాళ్లకు తెలియదు.

19 జనవరి

ఎల్లుండి నుంచి పడమటి మ్యాపు షీటు. కొండల అంచు, లైన్ 28 నుంచి 36 వరకు. షీటు విప్పాను. గుట్టపాలెం... దాని పక్కనే మామగారి ఊరు. మడిచేశాను.

"రంగారావు గారూ, ఈ షీటుకు నేల మీద తనిఖీ మీరు చూసుకోండి."

"మీకు తెలిసిన ప్రాంతం కదండీ?"

"అందుకే."

ఇంకేమీ అడగలేదు. ఒంగోలు మనిషి, మా సర్వేయరుగా వచ్చి మూడు నెలలు. మొహమాటం ఎక్కువ.

21 జనవరి

నేనూ ఎక్కాను. పనికి ముందు బాగా పైకి పోయి జీరో చూసుకోవాలి. నేల జవాబు అందనంత ఎత్తు. అక్కడ పెన్నులన్నీ గీత మీద కదలకుండా కూర్చోవాలి. కూర్చున్నాయి.

ఇంకాసేపు అక్కడే ఉంటే బాగుండుననిపించింది. పైలట్ కిందికి దించాడు.

22 జనవరి

లైన్ 31. చార్టు అంచున నంబరు 442 దగ్గర ముల్లు. ఆరు గీతల్లోనూ.

ఒక్కో గీత ముందు గీత కంటే కాస్త ఆలస్యంగా విన్నది; తడి మన్ను అయితే రెండో గీతకో మూడో గీతకో చచ్చిపోతుంది. చౌడు నేలా అంతే. ఆరో గీత దాకా నిలిచిందంటే లోపల లోహం. రాగి కావచ్చు. చీఫ్ గారు చార్టు మీద అరచేయి పెట్టి చాలాసేపు తీయలేదు. రెండేళ్ల నుంచి వెతుకుతున్నాం.

పెళ్లయిన కొత్తలో సుగుణ అడిగింది, అసలేం చేస్తారండీ ఆ విమానంలో అని. పైనుంచి నేలను కరెంటుతో ఒక దెబ్బ కొట్టి ఊరుకుంటాం, ఊరుకున్నాక లోపల ఎంతసేపు మోగుతుందో వింటాం, అన్నాను.

"మా చర్చి గంటే కదండీ! దానికి ఇంత చదువెందుకు?"

23 జనవరి

గాలి. విమానం లేవలేదు.

28 జనవరి

442 దగ్గర మనుషులు పెట్టిన ఇనుమేదీ లేదని రంగారావు గారి తనిఖీ చీటీ వచ్చింది. "గుట్టపాలెం శివారు. కరెంటు స్తంభాలు, రైలు పట్టాలు, గొట్టాలు లేవు. తోట. మామిడి నీడ. డ్రిల్లింగు క్యాంపుకు అనువు. అభ్యంతరం చెప్పినవారు లేరు."

కింద సంతకం పెట్టాను. షీటు తెరవలేదు.

చీఫ్ గారు సాయంత్రమే హైదరాబాదుకు రాశారు. వచ్చే నెల ఇరవై ఒకటికి డ్రిల్లు లారీ.

31 జనవరి

చల్లపల్లి నుంచి అక్క వచ్చింది. నువ్వులుండలు, నిమ్మకాయ ఊరగాయ. సుగుణ చీరల పెట్టె ఇంకా మంచం కిందే ఉండడం చూసింది.

"ఏడాది అవుతోంది. ఒక్కసారైనా వెళ్లావా?"

"పని."

"మనవాళ్లలోనైతే ఏ రోజుది ఆ రోజు అయిపోయేది. కృష్ణలో కలిపేసి తలస్నానం చేసి వచ్చేస్తాం. ఆ పిల్లకు చోటంటూ ఒకటి ఉంది కదరా. ఉన్నప్పుడు వెళ్లాలి."

బస్సు ఎక్కించి వచ్చాను.

4 ఫిబ్రవరి

మామగారి కార్డు. ఇన్నేళ్ల మాస్టారు రాత, ఒక్క అక్షరం వంకర లేదు.

"అల్లుడు గారికి దీవెనలు. తాము పంపిన ముళ్లతీగ, ఇనుప గుంజలు చాల బాగున్నవి. క్రిస్‌మస్‌కు ముందే తోటకు కంచె పూర్తి అయినది. ఇనుప తలుపు కూడ పెట్టించితిమి. గేదెల బెడద తప్పినది. అమ్మాయి దగ్గర నాటిన మామిడి మొక్క బతికినది. పదహారవ తేదీకి సంవత్సరము. రాగలిగిన రండి. రాలేకపోయిన నేనేమియు అనుకొనను."

చదివి మడిచాను. స్నానం చేశాను. మళ్లీ తీశాను.

తోటకు కంచె.

పెళ్లయిన మొదటి వేసవి, వాళ్ల ఊళ్లో. నాయనమ్మ గారు కనిపించరేం అని అడిగాను. "తోటలో ఉందండీ" అంది సుగుణ. "ఇంత ఎండలోనా? మొక్కలకు నీళ్లు పోస్తున్నారా?" అన్నాను. ఇల్లంతా నవ్వింది. మాస్టారు కూడా. వాళ్లకు అది సమాధుల తోట. ఊళ్లో ఎవరూ పూర్తి మాట అనరు. తోట అంటే అదే.

రంగారావు గారికి తెలియదు. నాకు తెలుసు. నాకు తెలిసీ సంతకం పెట్టాను.

వన్‌టౌన్ ఇనుప కొట్టులో తీగ చుట్టలు ఏరి లారీకి ఎక్కించింది నేను. "కర్ర గుంజలు వద్దు, చెద పడుతుంది. ఇనుపవే పాతించండి. కొసకు కొస గట్టిగా మెలిపెట్టించండి" అని రాసింది నేను. కొసలు కలిసిన ఇనుప వలయం. పైనుంచి దెబ్బ కొడితే మోగకుండా ఎలా ఉంటుంది?

5 ఫిబ్రవరి

చీఫ్ గారికి చెప్పాను. అది శ్మశానమని, చుట్టూ కంచె ఉందని.

"ఎవరన్నారు?"

"మా మామగారు. మా ఆవిడది అక్కడే."

కలం కింద పెట్టారు.

"కంచె వల్లే అనుకుందాం. దాని కింద రాగి ఉండకూడదని లేదు కదయ్యా?"

లేదు.

"రుజువు చెయ్యి. విమానం ఇంకో రోజు ఇస్తాను. కంచే అని తేలితే ఆ నంబరు కొట్టేద్దాం. తేలకపోతే డ్రిల్లు దిగుతుంది. ఖనిజం పడిందంటే ఆ సమాధులు జరిపిస్తారు. నా చేతిలో ఉండదు."

జరపడం అన్నారు. కుర్చీ జరిపినట్టు.

6 ఫిబ్రవరి

రంగారావు గారు టీ తాగకుండా నా బల్ల ముందే నిలబడ్డారు.

"వాగు దాటకుండా చీటీ రాశానండీ. తప్పే. అవతల గేదెల్ని మేపే ఆవిడుంటే కేకేసి అడిగా, ఏముందమ్మా అక్కడ అని. తోటండీ, మా పెద్దోళ్లంతా తోటలోనే ఉన్నారండీ అంది. డ్రిల్లింగుకి ఒప్పుకుంటారా అంటే, వాళ్లేమంటారు బాబూ, ఏమీ అనరు అంది. కాపలా ఉండే ముసలాళ్లనుకున్నానండీ."

నవ్వు వచ్చింది. ఏడాదిలో మొదటిసారి. ఆయన బెదిరిపోయారు.

సుగుణకు చెప్పాల్సిన మాట ఇది. చెబితే రెండు రోజులు నవ్వేది.

10 ఫిబ్రవరి

గుణదల తిరునాళ్ల. ఏలూరు రోడ్డు నిండా నడిచే జనం. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, మైకులు. వాళ్లది వేరే సంఘమైనా సుగుణ ఏటా వెళ్లేది. "మాత దగ్గరికి కాదండీ, గాజుల దగ్గరికి."

ఎదురుగా వస్తున్న ఆడవాళ్ల చేతులు చూస్తూ నిలబడ్డాను. బాగుండదని పక్క సందులోకి తిరిగాను.

13 ఫిబ్రవరి

మాస్టారి దగ్గరికి వెళ్లాను. సంచిలో తీగ కోసే కటింగు ప్లయరు.

"రండి అల్లుడు గారూ. చిక్కిపోయారు." మంచినీళ్లు, తర్వాత కాఫీ. ఏడాదిగా రానందుకు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అంతా చెప్పాను. సంతకం సంగతి కూడా. సమాధులు జరపడం దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"వాళ్లమ్మ పక్కనే పెట్టాను దాన్ని. ఇద్దర్నీ జరుపుతారా?"

"ఇంకా తేలలేదండీ. కంచె ఒకచోట కోస్తే వలయం తెగుతుంది. అప్పుడు విమానం మళ్లీ పోతుంది. ముల్లు పడిపోతే అది కంచే."

"కోస్తే గేదెలు పడతాయి. ఊళ్లో వాళ్లంతా తలా ఒక గుంజ పాతారు, వాళ్లకేం చెప్పను?" ఆగారు. బడిలో నల్లబల్ల ముందు ఆగినట్టు. "తీగ రెండు కొసలూ తలుపు గుంజలకే కట్టాం. ఇనుప తలుపు, ఇనుప గొలుసు. మరి తలుపు తీసి ఉంచితే చాలదా అండీ?"

నాకు తట్టలేదు. యూనివర్సిటీలో చదివింది నేను.

"అమ్మాయి చెప్పేది లెండి, మీ విమానం గంట కొట్టడం."

తోట దాకా వెళ్దామా అన్నారు. చీకటి పడుతోందన్నాను. ఇంకా రెండు గంటల పొద్దుంది. ఆయన సరేనన్నారు.

15 ఫిబ్రవరి

మొదటిసారి తలుపు మూసి, రెండోసారి తీసి. పైలట్‌తో మాట అదీ. విమానంలో చార్టు దగ్గర చీఫ్ గారు కూర్చున్నారు. నేను నేల మీద.

వాగు గట్టున గేదెలావిడ ఉంది. రంగారావు గారిని గుర్తుపట్టింది.

"ఏం బాబూ, మళ్లీ వచ్చావే? మా పెద్దోళ్లేమన్నా అభ్యంతరం చెప్పారా?"

ఆయన నేల చూశారు.

"ఆ తోకపిట్ట మీదేనంటగా. బంగారం పడితే నాకో ముక్కుపుడక చేయించండి. పడకపోతే నా గేదెలు బెదిరినందుకైనా చేయించండి."

పది దాటాక విమానం వచ్చింది. నాలుగు వందల అడుగుల ఎత్తు, వెనకాల తీగ, తీగ చివర పిట్ట. కింద నుంచి నేనెప్పుడూ చూడలేదు. ఇంత చప్పుడని తెలియదు.

అది తిరిగి రావడానికి పావుగంట. మాస్టారు తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"మీరే తీయండి."

తీశాను. గొలుసు విప్పాను. తలుపు కొంచెం ఏటవాలుగా బిగించారు, వదిలితే దానంతటదే మూసుకుంటుంది. బారుగా తెరిచి, పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. తోటకు వీపు పెట్టి నిలబడ్డాను. ఇనుము చల్లగా ఉంది. విమానం నెత్తి మీదుగా పోయింది. చేతిలో తలుపు సన్నగా అదిరింది.

చప్పుడు పోయాక మాస్టారు అన్నారు, "ఇక వదిలేయండి అల్లుడు గారూ. లోపలికి రండి."

ఎడమ వైపు నాలుగోది. తెల్ల సిమెంటు. పేరు, రెండు తేదీలు. మామిడి మొక్క మోకాలెత్తు. మాస్టారు చెంబు అందించారు. నీళ్లు పోశాను.

ఇంత ఎండలోనా, అనే ఉంటుంది సుగుణ.

16 ఫిబ్రవరి

నిరుడు ఈ రోజు సుగుణ పోయిందని ఆఫీసుకు టెలిగ్రాం వచ్చేసరికి నేను గాలిలో ఉన్నాను. జీరో చూసుకుంటున్నాను.

18 ఫిబ్రవరి

రెండు చార్టులూ పక్కపక్కన పరిచారు.

తలుపు మూసినప్పుడు — మునుపటి ముల్లే, ఆరు గీతల్లోనూ.

తీసినప్పుడు — పడిపోయింది. చాలా పడిపోయింది. సున్నా కాలేదు. మూడో వంతు మిగిలింది. ఆరో గీతలో కూడా.

గుంజలు నేలలో పాతి ఉన్నాయి. తడి మట్టిలోంచి కరెంటు కొంత పాకి వలయం పూర్తయి ఉండొచ్చు. ఆ మూడో వంతు అదే కావచ్చు. కాకపోనూ వచ్చు.

"ఏమంటావు?" అన్నారు చీఫ్ గారు.

"తెలియదండీ."

"తెలియదు అని రాసే గడి లేదు ఈ ఫారంలో. లారీ ఎల్లుండి బయలుదేరుతుంది. రేపు సాయంత్రంలోగా చెప్పు. కాదంటే కంచె తీగంతా విప్పించి, కొలిచే తీగచుట్టలు పట్టుకుని లోపల అడుగడుగూ నడిచి కొలవాలి. దానికైతే లారీని వారం ఆపగలను."

అడుగడుగూ అంటే సమాధుల మీదుగా.

వరండాలో రంగారావు గారు గొంతు తగ్గించి, "కంచె అని రాసేయండి సార్. పడిపోయింది కదా! ఎవరడుగుతారు?" అన్నారు. "నేను సాక్షి సంతకం పెడతా. నా తప్పుతోనే కదా మొదలైంది."

కాదు. నా సంతకంతో మొదలైంది.

19 ఫిబ్రవరి

మధ్యాహ్నం. ఆఫీసు నుంచి చార్టు ఇంటికి తెచ్చుకున్నాను. ఫారం కూడా. 'కారణం' గడి ఖాళీగా ఉంది. రెండుసార్లు కలం విప్పాను.

కంచె అని రాస్తే ఎవరూ ఆమెను కదపరు. అది అబద్ధమని కూడా ఎవరూ అనలేరు. నిజమని నేను అనలేను. సున్నా కాని దాన్ని సున్నా అని ఇంతవరకు ఎప్పుడూ రాయలేదు. ఆమె అయితే ఏమనేదో... "కొట్టడం ఆపాక మోగితే అది గంట తప్పా అండీ?" అనేదేమో. అది జవాబు కాదు.

తీగ విప్పిస్తే నడవాల్సింది నేనే. ఇంకొకరిని నడవనివ్వను. ఎడమ వైపు నాలుగోదాని మీదుగా కూడా.

చొక్కా జేబులో ఏదో బరువు. తాళంచెవి. మొన్న తిరిగి ఇవ్వడం మరిచాను. ఆయనా అడగలేదు. మరిచిపోయే మనిషి కాదు మాస్టారు.

కిటికీలోంచి గాలికి చార్టు చుట్టుకుపోతోంది. తాళంచెవి దాని మీద పెట్టాను. 442 దగ్గర.

నాలుగున్నర అయింది. ఆఫీసు ఐదున్నర దాకా.