బాతుల భాషలో ఆపరేషన్ కబురు

8వ తేదీ, ఉదయం 6:30
నిర్ణయం: నా ఆపరేషన్ సంగతి మా ఆవిడకు తెలియనివ్వను. గాల్ బ్లాడర్లో రాళ్లు. పద్దెనిమిదిన తీసేస్తారు. ఆవిడ తండ్రి ఆపరేషన్ థియేటర్లోకి నడుచుకుంటూ వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆపరేషన్ అన్న మాట వింటేనే ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడవు. నాకూ అంతే. అది వేరే సంగతి.

తోడుకు ఆవిడ అన్నయ్య, అదే మా బావ, వస్తాడు. మా ఇద్దరికీ హామ్ రేడియో పిచ్చి. రోజూ సాయంత్రం ఎవరింట్లో వాళ్లు సెట్టు ముందు కూర్చుని గాల్లో మాట్లాడుకుంటాం. చిక్కల్లా ఒకటే. అన్నయ్య గొంతు వినాలని ఆవిడ వంటింట్లో ఒక చిన్న రిసీవర్ పెట్టుకుంది. బిగించింది నేనే!

9వ తేదీ
పార్సిల్ వచ్చింది! రెండు స్క్రాంబ్లర్ మాడ్యూళ్లు. ఒక్కోటి అగ్గిపెట్టెలో సగం. సెట్టులో బిగిస్తే గొంతు కలగాపులగమై గాల్లోకి వెళ్తుంది. అదే కోడు ఉన్న సెట్టులో మాత్రమే మళ్లీ మాటవుతుంది. హామ్‌లు మాట దాచకూడదని నిబంధన ఉంది. పది రోజులే కదా.
సా. 4:00. బావకు ఒకటి ఇచ్చి వచ్చాను.
సా. 5:00. నాది బిగించాను. వేలు కాలింది.

10వ తేదీ, సా. 6:00
దిగ్విజయం! వంటింటి రిసీవర్లో బాతులు పోట్లాడుకుంటున్నాయట. "ఏమండీ, దీనికేదో రోగమొచ్చింది" అంది ఆవిడ. రేపు చూస్తానన్నాను.

12వ తేదీ
చిన్న ఇబ్బంది. "బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది బావా, కాస్త గట్టిగా చెప్పు" అన్నాడు బావ. గట్టిగానే చెప్పాను.

13వ తేదీ
ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తలుపు వేసుకుని: "రాళ్లు! మూడు! పద్దెనిమిదిన!" భయమేస్తోందని కూడా చెప్పాను. నాలుగోసారికి గానీ వినపడలేదు. గాల్లోకి మాత్రం ఒక్క ముక్క పొక్కలేదు.

15వ తేదీ
వీధి చివర టైలరమ్మ ఆపింది. "రాళ్లకేం భయపడకండి, మా ఆయనకి ఐదు తీశారు." ఈవిడకు రేడియోనే లేదే! బావ మీద అనుమానం. వెంటనే కోడు మార్చేశాను. మార్చినట్టు బావకు చెప్పడం మరిచాను. సాయంత్రమంతా ఇద్దరం బాతులమే.

17వ తేదీ, సా. 6:20
ఆవిడ లోపలికి వచ్చింది. నా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.
"ఆ డబ్బీ రేడియోకి బిగించారు సరే. మీ నోటికి బిగించలేదు కదండీ. పన్నెండో తేదీ నుంచీ వింటూనే ఉన్నా."
సెట్టు కట్టేశాను.
"అన్నయ్యకి నాలుగుసార్లు చెప్పారు భయమేస్తోందని. నాకు ఒక్కసారి చెప్పలేకపోయారా?"
సిగ్గేసింది. మంచం కింద సంచీ చూపించింది. తువ్వాలు, కళ్లజోడు, బట్టలు అన్నీ సర్దేసి ఉన్నాయి. మాడ్యూలు పీకేశాను.

18వ తేదీ, ఆస్పత్రి
ఉ. 7:00. కొత్త నిర్ణయం: నా భయం ఆవిడకు కనపడనివ్వను.
7:04. "భయంగా ఉందా?" అంది. లేదన్నాను.
7:05. ఉందన్నాను.
7:06. "నాకూను" అంది. బావ టీ తెస్తానని బయటికి పోయాడు.
7:10. నిర్ణయం మళ్లీ మొదలు. అక్షరాలు వంకర పోతున్నాయి. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి ఆవిడ పట్టుకుంది, వదలడం లేదు.